నక్ష సార్ గీయని ఏడిళ్లు

నక్ష సార్ పోయాడని అశోక్ నగర్‌లోని ఆయన ఇంటి ఓనరు వచ్చి చెబితే, నా నోట్లోంచి ముందు వచ్చిన మాట "మీరు చూసిండ్రా?" అని. పాపం, ఆ మనిషి బిత్తరపోయాడు. చావు కబురు తెచ్చినవాణ్ని ఎవరైనా అలా అడుగుతారా? నేను అడుగుతాను. పాల ప్యాకెట్టు కూడా అటూ ఇటూ తిప్పి చూసి గానీ తీసుకోను. నువ్వు టైపు మిషను ముందు కాదు, ఠాణాలో కూర్చోవలసినదానివని మా ఆయన దెప్పుతుండేవాడు.

"చూసిన అక్కా. పొద్దున చాయ్ ఇద్దామని తలుపు కొడితే పలకలె. నిద్రలనే పోయిండు," అన్నాడు ఓనరు. గొంతు తగ్గించి, "తల ఉత్తరం దిక్కుకే ఉండె," అని చెప్పాడు, చావుకు అదే కారణమన్నట్టు.

అందులో వింతేమీ లేదు. ఆయన ఎప్పుడూ ఉత్తరానికే తల పెట్టి పడుకునేవాడు. అలా పడుకోకూడదు సార్ అని ఒకసారి నేనంటే, "దిక్సూచిల సూది పుట్టినప్పటి సంది అటే తల పెట్టుకొని పన్నది. దానికేమైంది?" అన్నాడు. ఆయన అసలు పేరు నేను టైపు చేసిన కాగితాల్లో ఉంది గానీ ఇక్కడ రాయను. చంకలో ఎప్పుడూ నక్ష, అంటే మ్యాపు, ఉంటుందని అశోక్ నగర్ హాస్టల్ పిల్లలు పెట్టిన నక్ష సార్ అన్న పేరే ఆ మనిషికి అతికినట్టు సరిపోయింది.

అప్పట్లో చిక్కడపల్లి మార్కెట్ గల్లీ మొదట్లో నాకు చిన్న షాపు ఉండేది. రెండు టైపు మిషన్లు, ఒక జిరాక్స్ మిషను, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక స్టూలు. సర్కారు పరీక్షలకు చదువుకునే పిల్లలు అశోక్ నగర్ నుంచి నోట్సులు మోసుకొచ్చేవాళ్లు. నారాయణగూడ నుంచి వకీళ్ల గుమస్తాలు అర్జీలు తెచ్చేవాళ్లు. ఒక మంగళవారం పదకొండు గంటలకు వాళ్లందరి వెనక ఈయన నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, సన్నగా, నిటారుగా. తెల్లచొక్కాకు మెడదాకా గుండీలు. చంకలో ఒక రేకు గొట్టం.

"జిరాక్స్ చెయ్యాలె. కానీ కాగితం నేనే పట్టుకుంట," అన్నాడు.

"మీరు పట్టుకుంటే మీ వేళ్లు కూడ పడ్తయి సార్."

"పడనీ."

జేబులోంచి రుమాలు తీసి, పది వేళ్లూ ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. అప్పుడు గొట్టం మూత తిప్పి, వెనక గుడ్డ అంటించిన పెద్ద కాగితం ఒకటి బయటికి లాగాడు. బొటనవేలి ముద్రను చాపంత పెద్దది చేసినట్టు దాని నిండా గోధుమరంగు గీతలు. అక్కడక్కడా పచ్చరంగు. సన్నటి నీలం గీతలు వాగులట. పైన ఒక మూల, ఆఫీసు పనికి తప్ప బయటికి ఇవ్వరాదని ఇంగ్లీషులో ఎర్రముద్ర.

ఆ ముద్ర చూడగానే గల్లీలోకి ఒకసారి తొంగి చూశాను. ఎందుకంటే రెండు రోజుల ముందే కానిస్టేబుల్ ఒకాయన జిరాక్స్ షాపులన్నీ తిరిగి, అడవుల్లో ఉండే నక్సలైట్ అన్నల కాగితాలు ఎవరన్నా చేయించుకుంటే చెవిన వేయమని చెప్పిపోయాడు. ఇప్పుడు ఈ పెద్దమనిషి గుట్టలూ అడవులూ ఉన్న నక్షను పట్టుకొచ్చి, కాగితం నా చేతికివ్వనంటున్నాడు. అంత పెద్ద నక్షలోనూ ఆయనకు కావలసింది అరచేతి వెడల్పు ముక్క ఒక్కటే. రెండు కాపీలు చాలన్నాడు.

నేను మూడు తీశాను. ఆయన నక్షను చుట్టుకునే సందులో ఒకటి నా టైపు కాగితాల కిందికి తోసేశాను. అది దొంగతనమే. కానీ ఆ రోజు నాకు దొంగతనమనిపించలేదు, జాగ్రత్త అనిపించింది.

మరుసటి మంగళవారం పదకొండుకు మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే అరచేతి ముక్క, అవే రెండు కాపీలు. ఆ పై మంగళవారం కూడా. ఒకే ముక్కను వారం వారం చేయించుకునే పిచ్చివాడెవడుంటాడు? మసక పడిన కాపీ ఉంటే దాన్ని కూడా మడిచి జేబులో పెట్టుకునేవాడు తప్ప నా చెత్తబుట్టలో వేయనిచ్చేవాడు కాదు. గుప్తనిధులకోసమై ఉంటుందని పక్క స్వీటు షాపాయన అన్నాడు. అడవిలోకి ఎవరికో దారులు చెబుతున్నాడేమోనని నేననుకున్నాను. దాచిన కాపీని ఇంటికి తీసుకెళ్లి, మా ఆయన భూతద్దం పెట్టి మరీ చూశాను. గీతలు, గీతలు, ఇంకా గీతలు. ఠాణాకు వెళ్లి చెబుదామని రెండుసార్లు చెప్పులేసుకున్నాను కూడా. తీరా ఏమని చెప్పాలో తెలియక విప్పేశాను.

నా అనుమానం అలా ఉంటే, ఆయనకు నా మీద అంతకు రెండింతలు. స్టూలు మీద కూర్చునే ముందు దాన్ని ఊది, కాళ్లు నాలుగూ సమంగా ఉన్నాయో లేదో ఊపి చూసేవాడు. నేను రెండు కాపీలు చేతిలో పెడితే వెలుతురుకు పట్టుకుని, గీతకు గీత సరిచూసుకునేవాడు. కుడి, ఎడమ అన్న మాటలు ఆయన నోట ఎన్నడూ వినలేదు. "ఆ కత్తెర జర తూర్పుకు జరుపు," అనేవాడు. విద్యానగర్ బస్సు ఎక్కడాగుతుందని ఎవరో పిల్లవాడు అడిగితే, "దక్షిణం ముఖం పెట్టి మూడు వందల అడుగులు నడువు, పడమరకు తిరుగు," అన్నాడు. ఆ పిల్లవాడు వెళ్లి ఇంకొకరిని అడిగాడు. ఇక ఎవరైనా ఏదైనా కబురు మొదలుపెడితే చాలు, "చూసినవా?" అని అడ్డం పడేవాడు. చూడలేదు, విన్నానంటే మొహం తిప్పేసుకునేవాడు. "చూసింది గీయాలె. విన్నది గీయొద్దు. ముప్ఫై ఏండ్లు గదే చేసిన." నాకంటిన "చూసిండ్రా" కూడా ఆయన అంటించిందే.

మొదటి నెలలోనే ఒక రోజు నా గడప మీద నిలబడి, మడమతో రెండుసార్లు తట్టాడు. "నీ గడప రోడ్డు కన్న బెత్తెడు కిందున్నది బిడ్డా. వానకు పడమటి దిక్కు నుంచి నీళ్లొస్తయి. మిషన్ కింద ఇటుకలు పెట్టు."

అదిగో, ఇటుకల వ్యాపారం కూడా ఉందన్నమాట అనుకున్నాను. పెట్టలేదు. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టింది. నీళ్లు సరిగ్గా పడమటి వైపు నుంచే వచ్చి మిషను మోటారును ముంచాయి. మూడు రోజులు షాపు మూత. మంగళవారం నక్ష సార్ వచ్చి, తడిసిన గోడను, నా మొహాన్ని చూసి, సంచిలోంచి పేపరులో చుట్టిన ఇటుకను తీసి కౌంటరు మీద పెట్టాడు.

"ఇంక మూడు కావాలె," అన్నాడు, వెళ్లేటప్పుడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చినంత మాత్రాన అనుమానం పోతుందా? పోలేదు.

ఆ మిగతా మూడు ఇటుకలు తెచ్చి ఇచ్చింది చెన్నమ్మ. షాపుకెదురుగా అపార్ట్‌మెంటు కడుతున్నారు, అక్కడ ఇటుకలు మోసే పని ఆమెది. పాలమూరు నుంచి మొగుడితో వచ్చి కవాడిగూడ బస్తీలో ఉంటోంది. నలభై ఏళ్లుంటాయి. ఆ రోజు ఇటుకలు మిషను కింద సర్ది, కొంగుతో చేతులు తుడుచుకుని, వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"అక్కా, ఒక కాయితం కొట్టియ్యవా? మా ఊరిని లేపుతున్నరు."

కూర్చోబెట్టి అడిగాను. రెండు గుట్టల వరసలు, వాటి నడుమ లోతు పల్లం. అలాంటి పల్లాన్ని వాళ్లు లొద్ది అంటారు. ఊరి పేరు ఊటలొద్ది. ఇప్పుడు నలభై ఇళ్లున్నాయి. ఆమె తల్లి, తమ్ముళ్లు, మేకలు, జొన్నచేలు అన్నీ అక్కడే. ఆ అడవికి సర్కారు హద్దు గీసిన తర్వాత వచ్చి గుడిసెలు వేసుకున్నారు కాబట్టి ఖాళీ చేయాలని ఆఫీసరు చెప్పాడట.

"హద్దు పడక ముందు సంది ఊరున్నట్టు పాత కాయితం ఏదన్న తేండి, లేకుంటే నెల దినాలల్ల లేవుండ్రి అన్నడు. మా తాత పుట్టింది ఆడనే అక్కా. మా తాతకు కాయితం ఏడ ఉంటది? లేపితే మా అమ్మ యాడికి పోతది? ఈ ఇటుకలు మోయనీకి వస్తదా?" కళ్లు తుడుచుకోలేదు. కోపంగా చూస్తోంది, నేనే లేపుతున్నట్టు.

"గుట్టల పేర్లేంది చెన్నమ్మా?" అన్నాను, అర్జీలో రాయడానికి.

"కోతులగుట్ట ఒకటి. దాని కింద ఎర్రవాగు."

నా వేళ్లు టైపు మిషను మీద ఆగిపోయాయి. కోతులగుట్ట. ఎర్రవాగు. భూతద్దంలో నేను చదివిన రెండే రెండు పేర్లు అవి. లేచి, దాచిన కాపీని బయటికి తీశాను.

చెన్నమ్మకు చదువు రాదు. వాగు ఇది అని నేను వేలు పెట్టి చూపించడమే ఆలస్యం, మిగతాది ఆమే చెప్పింది. గీతలు దగ్గరదగ్గరగా ఉన్నచోట వేలు ఆపి, "ఇది నిలువు ఎక్కుడు గదా? ఈడ జారుడుబండ. మేకలు జారేది ఈడనే," అంది. గీతలు దూరం జరిగిన చోటికి వేలు తీసుకెళ్లి, "ఇగో, ఈడ సాఫు నేల. మా ఊరు ఈడనే ఉండాలె. ఏదక్కా?" అంది.

ఆ సాఫు నేల మీద ఏమీ లేదు. పక్క లోయలో ఎవరిదో ఊరికి నల్లటి చిన్న చదరాలు వరసగా ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఒక చుక్క, దాని పక్కన నాలుగంకెలు, అంతే. చెన్నమ్మ మొహం పాలిపోయింది. నాకు మాత్రం రక్తం మరిగింది. వారం వారం ఈయన చేయించుకునేది ఈ చోటునే. అసలు నక్షలో ఊరు ఉండి ఉంటుంది, ఎవరి దగ్గరో డబ్బు తీసుకుని ఇందులో దాన్ని చెరిపేశాడు, అదీ నా లెక్క. మంగళవారం పదకొండుకు పని ఆపేసి రమ్మని చెన్నమ్మకు చెప్పాను.

ఆ మంగళవారం ఆయన వచ్చి, స్టూలును ఊదబోతుంటే షట్టరు సగం దించేశాను. ఆయన గొట్టాన్ని గుండెకు హత్తుకున్నాడు.

"సార్, ఈమె చెన్నమ్మ. పాలమూరు దిక్కు. వీళ్ల ఊరు మీ నక్షల ఉందేమో చూసి చెప్పండి."

"ఊటలొద్ది ఈ నక్షల లేదు," అన్నాడు వెంటనే.

"ఊరి పేరు నేను చెప్పలేదు కదా సార్."

నాకు దొంగను పట్టుకున్నంత సంబరమైంది. చెన్నమ్మ ఆయన ముందుకొచ్చి రెండు చేతులూ జోడించింది. "మా ఊరు నీకెర్కేనా సారూ? చూపియ్యి సారూ. నీ కాల్మొక్త."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు, ఊదకుండానే. నా వైపు చూసి, "మొదటి రోజు మిషన్ మూడుసార్లు మెరిసింది బిడ్డా. నాకు నువ్వు రెండే ఇచ్చినవ్," అన్నాడు. ఇన్ని నెలలూ తెలిసే నోరు మెదపలేదు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా అడిగాను, "తెలిస్తే ఎందుకడగలేదు?" అని. "అడిగితే నన్ను నువ్వు అడుగుతవని," అన్నాడు.

తర్వాత సంచి బోర్లించాడు. వారం వారం నేను తీసిచ్చిన కాపీలన్నీ. ప్రతి దానిలోనూ, ఆ చుక్క చుట్టూ, నల్ల సిరాతో ఏడు చిన్న చదరాలు. ఒక కాగితంలో కొంచెం లావుగా, ఇంకోదానిలో సన్నగా. పక్క లోయ ఊరి చదరాలకు, వీటికీ తేడా నా కళ్లకు కనపడలేదు.

"లైబ్రరీల పేపరు చూసిన. ఆ అడవిలకెల్లి ఊర్లను లేపుతున్నరని చిన్నగ రాసిండ్రు," అన్నాడు. "ఈ నక్ష నేను గీసిందే, ఆ అడవికి హద్దు పడక ముందే. ఊరిని చూసి కూడ గీయలె. ఇప్పుడు ఎవ్వరికి దొరకకుండ గీయొచ్చా అని రోజు గీసి చూస్తున్న."

రజాకార్ల రోజులు పోయి నాలుగైదేళ్లయిన కాలమట. బల్ల, దుర్బిణీ మోయించుకుని గుట్టగుట్టా ఎక్కి కొలతలు తీసే పని ఆయనది. ఊటలొద్దిలో పన్నెండు రోజులు డేరా వేశారు. అప్పుడు ఏడిళ్లు. వెళ్లిపోయే ముందు రోజు, ఊరి పెద్ద జొన్నగట్క, అదే సంకటి, గిన్నెలో ఆయన ముందు పెట్టి, కాళ్ల దగ్గర కూర్చున్నాడట.

"మమ్ములను కాయితం మీద పెట్టకు దొరా అన్నడు. ఎవడు పేరు రాస్కపోయినా, ఆని ఎనక ఇంకొకడు వస్తుండు. వెట్టికి గుంజుకపోతడు, గింజలు గుంజుకపోతడు. మేం లేనట్టే గీయి అన్నడు. నాకు ఇరవై తొమ్మిదేండ్లు. గీయకుంటే మంచే జేస్తున్న అనుకున్న."

"మా తాతనే!" అంది చెన్నమ్మ. "మా తాతకు నోట్ల పండ్లు లేకుండె. గట్కనే తినేది."

"లేకుండె," అన్నాడాయన.

తర్వాత చెన్నమ్మ ఒక్క ఉదుటున ఆయన చేతులు పట్టుకుంది. "అప్పుడు గీయకుంటివి. ఇప్పుడు గీయి సారూ. ఏడిండ్లే గదా. గింతంత ఏడు గీతలు."

నేనూ అన్నాను. నిజం చెప్పాలంటే నేనే ఎక్కువ పోరాను. లోకంలో అందరినీ శంకించే నేను, "గీయండి సార్, ఎవరికి తెలుస్తది?" అన్నాను.

"నలభై ఏండ్ల సిరా, నిన్నటి సిరా ఒక్కటి గావు. అద్దం పెట్టి చూసేటోడు చూస్తడు. అప్పుడు దొంగ అయ్యేది నేనొక్కన్నే గాదు. ఊరే దొంగ ఊరు అయితది. మల్ల ఇంక ఏ కాయితం తెచ్చినా నమ్మరు." కాపీలను ఒక్కొక్కటే చింపడం మొదలుపెట్టాడు. "మొదటి వారమే ఎర్క నాకు, గీయలేనని. చెయ్యి ఆగలె."

చివరి కాపీ చింపబోతూ ఆగి, చుక్క మీద గోరు పెట్టాడు. "ఇండ్లు తీసేసిన గని దీన్ని తీయలేకపోయిన. కొలిచిన ఎత్తును దాయనీకి మనసు రాలె. పదకొండు వందల నలభై ఏడు అడుగులు. ఆ పెద్దాయన ఇంటి గడపరాయి మీద నిలబడి తీసిన కొలత అది. రాయి మీద బాణం గుర్తు, కింద అంకెలు నా చేతితోనే చెక్కిన. ఆ గడపరాయి ఉన్నదా బిడ్డా?"

"ఇల్లు ఎన్నడో కూలిపాయె. గడప ఏడుంటది," అంది చెన్నమ్మ. ఆ వెంటనే ఆమె గొంతు మారిపోయింది. "బాణం అంటే ఎట్లుంటది సారూ?"

ఆయన చిత్తుకాగితం మీద గీశాడు. ఒక నిలువు గీత, దాని కొసన అటొకటి ఇటొకటి. పక్షి కాలి ముద్రలా ఉంది.

చెన్నమ్మ దాన్ని చూసి రెండు చెంపలూ వేసుకుంది. "గువ్వమ్మ!"

వాళ్ల ఊరి దేవత అట. ఊరి నడుమ ఒక బండ మీద గువ్వ రూపంలో వచ్చి కాలు మోపిందట. ఆమె కాలు పెట్టినప్పటి నుంచి ఊరి మీదికి ఏ సర్కారు అమీను రాలేదట, ఎవడూ వెట్టికి లాక్కుపోలేదట. పెళ్లి చేసినా, మేక ఈనినా, పిల్లవాడు నడిచినా ఆ కాలికి పసుపు పూసి మొక్కుతారట. చెన్నమ్మ తాళి కట్టించుకుంది దాని ముందే.

"నువ్వు చెక్కింది అంటున్నవా?" అని అడిగింది. ఆయన తల వంచుకున్నాడు. ఆమె కంట్లో ఒక్క క్షణం ఆయన్ని కొట్టాలన్నంత కోపం చూశాను. ఊరు నిలబడాలంటే ఆఫీసరు ముందు అమ్మవారి ఒంటి మీద పసుపు గీకాలి, గీకి, ఇది సర్కారు మనిషి ఉలిగుర్తు అని చెప్పాలి. "నేను చెప్పలేను. మా అమ్మ నన్ను ఇంట్లకు రానియ్యది. నువ్వే వచ్చి చెప్పు," అని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం అర్జీ నేనే కొట్టాను. ఆయన చెబుతుంటే, జాలితో ఒక మాట మెత్తబరిచాను. 'సదరు ఊరిని నేను పొరపాటున విడిచిపెట్టాను' అని. చదివి, కాగితం తిరిగి నా ముందు పెట్టాడు.

"పొరపాటున కాదు. తెలిసి."

"పింఛను ఆపుతరేమో సార్."

"ఆపనీ. తెలిసి అని కొట్టు."

మళ్లీ కొట్టాను. ఆయన రుమాలుతో వేళ్లు తుడుచుకుని సంతకం చేశాడు. సాయంత్రం పని దిగాక చెన్నమ్మ వచ్చి కింద వేలిముద్ర వేసింది.

హైదర్‌గూడ వైపు అటవీశాఖ ఆఫీసుకు ముగ్గురం వెళ్లాం. ఆఫీసరు అర్జీని రెండుసార్లు చదివాడు, నక్షను చూశాడు, కళ్లజోడు తీసి పెట్టాడు. "సర్కారు జీతం తీసుకొని అప్పుడు అబద్ధం గీసినవ్. ఇప్పుడు నిజం చెప్తున్నవని ఎట్ల నమ్మాలె? ఈ కూలోళ్లు ఎంత ఇచ్చిండ్రు?"

నక్ష సార్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ ప్రశ్న ఎంత దుర్మార్గంగా ఉన్నా, ఆ కుర్చీలో నేనున్నా అదే అడిగేదాన్ని, అందుకే నాకు ఇంకా బాధేసింది. ఆయన చుక్క మీద వేలు పెట్టి, "నన్ను నమ్మకండి. పోయి ఈ రాయి చూడండి. ఈ అంకెలే ఉంటయి," అన్నాడు.

"లేకుంటే అర్జీ పెట్టినోళ్లందరి మీద కేసు పెడత," అన్నాడు ఆఫీసరు. అర్జీ మీద చెన్నమ్మ వేలిముద్ర ఉంది. ఆమె కళ్లు మూసుకుంది. ఏ దేవతను తలచుకుందో నాకు తెలుసు.

పది రోజుల తర్వాత జీపులో వాళ్లిద్దరినీ ఊటలొద్దికి తీసుకెళ్లారు. నేను వెళ్లలేదు, షాపు ఉంది. వెళ్లలేదు గానీ ఆ రెండు రోజులూ నా మనసు మనసులో లేదు. నిజంగా చెక్కాడా? నలభై ఏళ్ల కింద చెక్కిన గుర్తు మిగులుతుందా? అసలు ఈ పది రోజుల్లో తనే వెళ్లి చెక్కి రాలేదు కదా? ఛీ అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఆయన ఇంటి ఓనరును అడిగి కనుక్కున్నాను, రూము దాటి ఎక్కడికీ వెళ్లలేదని.

జరిగింది చెన్నమ్మే వచ్చి చెప్పింది. ఊరు ఊరంతా బండ చుట్టూ చేరింది. పసుపు గీకనిచ్చేది లేదని మగవాళ్లు కర్రలు పట్టుకున్నారు. నక్ష సార్ వాళ్ల ముందు నిలబడి, గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పాడట, ఇది నేను చెక్కిన గుర్తు, మీ ఊరిని దాచింది కూడా నేనే, తప్పు నాది, ఒక్కసారి చూడనివ్వండని. ఎవరూ కదల్లేదు. అప్పుడు చెన్నమ్మ తల్లి కర్రల మధ్య నుంచి వచ్చి, కొడవలి తీసుకుని, తనే గీకింది. ఏళ్ల తరబడి పేరుకున్న పసుపు, నూనె పెచ్చులు పెచ్చులుగా లేచింది. లోపల బాణం గుర్తు. దాని కింద నాలుగంకెలు. ఆఫీసరు నక్ష తెరిచి, రాయిని చూసి, మళ్లీ నక్షను చూసి, రాసుకున్నాడట. పక్కనే కూలిన గోడ పునాది రాళ్లు కూడా కొలుచుకున్నాడు.

ముసలామె మళ్లీ పసుపు తడిపి ఆ గుర్తు మీద పూసింది. పూసి, నక్ష సార్ వైపు తిరిగి, "చెక్కితే చెక్కినవ్ గని, మొక్కి పో," అందట.

నెల తిరిగేలోపు కాగితం వచ్చింది. పాత ఊళ్ల జాబితాలో ఊటలొద్ది ఎక్కింది. ఎవరినీ లేపరు. చెన్నమ్మ కాగితాన్ని నా చేత మూడుసార్లు చదివించుకుంది.

ఆ మంగళవారం పదకొండుకు నక్ష సార్ వచ్చాడు. చంక ఖాళీగా ఉంది. నక్షను ఆఫీసులో ఉంచేసుకున్నారట. జిరాక్స్ చేయడానికేమీ లేదు, అయినా వచ్చి కూర్చున్నాడు. నేను చాయ్ తెప్పించాను. ఎంత ఆపుకున్నా నా నోరు ఊరుకోదు కదా.

"నిజంగా మొక్కిండ్రా సార్?"

"మొక్కిన."

"మీరే చెక్కిన రాయికి, మీరే?"

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నేను చెక్కి దిగిపోయిన బిడ్డా. ఎట్లున్నరో అని మల్ల ఒక్కసారన్న పోయి చూడలె. నలభై ఏండ్లు వాళ్ల దగ్గర ఉన్నది ఆ రాయే."